ఉత్త పిడికిలి

మొన్న గద్వాల నుంచి మా అన్న ఏలియా వచ్చినప్పుడు అతని చంకలో ఒక గుడ్డసంచి ఉంది. అందులో ఏముందని నేను అడగలేదు గానీ నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. నా స్వభావమే అంత. పాలు పోయించుకునేటప్పుడు ముందు పాలవాడి మొహం చూస్తాను, తర్వాత పాలు చూస్తాను. వనపర్తిలో ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్ళయినా, తాళం వేశాక రెండుసార్లు లాగి చూడనిదే గడప దిగను. ఆ తాళానికే మీ మీద అనుమానం వస్తది అత్తమ్మా అని మా కోడలు కరుణ నవ్వుతుంటుంది. అన్న మాత్రం నవ్వడు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాడు కదా. చాయ్ తాగి, మూతి తుడుచుకుని, సంచిలోంచి తుప్పుపట్టిన గుండ్రటి రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద దొరికిందట. అమ్మానాయినల కాలంలో అందులో మేకులు పోసి పెట్టారట. "నీదే గద, గందుకే తెచ్చిన" అన్నాడు.

నాది కాదు. మా అవ్వది, అంటే మా నాయినను కన్న తల్లి బాలమ్మది. ఆ మాటకొస్తే అవ్వది కూడా కాదు. మిషను దవాఖానలో పాలపొడి వచ్చిన డబ్బా అది. ఎవరో పారేయబోతే అవ్వ అడిగి తెచ్చుకుని, బూడిదతో తోమి, ఇది దేవుని డబ్బా అని పేరు పెట్టి, పొయ్యికి ఎగువన గూట్లో పెట్టింది. అందులో మా చేయి పెట్టకూడదు, మా గింజ కలపకూడదు. అన్న వెళ్ళిపోయాక నేను దాన్ని రెండు రోజులు ముట్టలేదు. తిరుగుతూ తిరుగుతూ చూస్తూ ఉన్నాను. నేను చిన్నప్పుడు చేసిన ఒక దొంగపని ఆ డబ్బాకు తెలుసు. ఇంకెవరికైనా తెలుసా లేదా అన్నదే నా ఇన్నేళ్ళ అనుమానం.

లింగాల దగ్గర మా ఊరు. ఊరికి ఎడంగా మా వాడ. వాడలో చర్చికి పోయే ప్రతి ఇంట్లోనూ, పొయ్యి మీదికి గింజలు తీసినప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవాళ్ళు. పిడికెడు బియ్యం అని దాని పేరు. బియ్యమని పేరే గానీ మాకు బియ్యమెక్కడివి, పండక్కో జ్వరానికో తప్ప? మేం వేసేవి జొన్నలే. నెలలో మొదటి ఆదివారం ఇంటింటి డబ్బాలూ కుండలూ చర్చి ముందు పెద్ద గంపలో గుమ్మరించేవాళ్ళు. అందులోంచి పాస్టరయ్యకు కొంత పోయేది, వాడలో చేతగాని ముసలివాళ్ళకు కొంత పోయేది. ఇళ్ళన్నీ తిరిగి ఆ డబ్బాలు పోగుచేసుకొచ్చే పని మా అవ్వది. అక్షరం ముక్క రాని, మొగుడు పోయిన, పొద్దస్తమానం పటేలు చేలో నడుము వంచే మనిషికి అంతకు మించిన హోదా మా వాడలో లేదు. ఆ ఆదివారాల్లో అవ్వ నడకే వేరుగా ఉండేది.

ఆమె అలవాట్లన్నీ నేను గూఢచారిలా కనిపెట్టి పెట్టుకున్నాను. సంఘంలో పొగాకు పాపం. అవ్వ కొంగు ముడిలో చిన్న పొగాకు ముక్క ఎప్పుడూ ఉండేది. చర్చికి పోయే రోజున ఆ ముక్క పైకప్పు వాసంలో దాక్కునేది. తెల్లవారకముందే ఇసుర్రాయి చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. పేడ అలుకు వాసన, కందికట్టె పొగ, రాయి అంచున పడుతున్న వేడి వేడి జొన్నపిండి వాసన. ఆ మూడూ కలిసి వచ్చాయంటే అవ్వ ఉన్నట్టు. ఆమె రెండు కళ్ళకూ శుక్లాలు. మొహం దగ్గర మొహం పెడితే గానీ మనిషిని పోల్చుకునేది కాదు. కానీ గడపలో అడుగు పడగానే వచ్చింది ఎవరో చెప్పేసేది. అలా చెప్పినప్పుడల్లా ఈమెకు నిజంగా కనపడదా, లేక మనల్ని కనిపెట్టడానికి కనపడనట్టు ఉంటుందా అని నాకు సందేహం. ఒకసారి ఆమె ఎదురుగా నిలబడి నాలుక చాపి పరీక్ష కూడా చేశాను. ఏమీ అనలేదు. నిజంగానే కనపడదని అప్పుడు తేల్చుకున్నాను.

అమ్మా నాయినా ఏటా పంటలు అయిపోగానే గుంపు మేస్త్రి వెంట మట్టి పనికి వలస పోయేవాళ్ళు. ఎక్కడో కట్టలు, ఎక్కడో కాల్వలు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు అన్నను కూడా తీసుకుపోయి నన్ను అవ్వ దగ్గర వదిలారు. లారీ మీద గోనెపట్టాల మధ్య కూర్చుని అన్న చెయ్యి ఊపుతుంటే నాకు ఏడుపు రాలేదు, లెక్క తేలినట్టు అనిపించింది. కావలసిన పిల్లవాణ్ణి వెంట తీసుకుపోయారు, అక్కరలేని పిల్లను ఇంట్లో పడేశారు. అంతే. నువ్వు బడికి పోవాలి బిడ్డా అని అమ్మ చెప్పింది గానీ నేను నమ్మలేదు. తినే నోరు ఒకటి తగ్గితే వాళ్ళకు మేలని, ఆ మాట మొహం మీద చెప్పలేక బడి పేరు చెబుతున్నారని అనుకున్నాను.

వాళ్ళు పోయిన మర్నాటి నుంచే అవ్వ ఆ కొత్త పద్ధతి మొదలుపెట్టింది. అంతకుముందు దేవుని పిడికెడు ఆమే తీసేది. ఇప్పుడు చేటలో జొన్నలు పోసుకుని, ఇసుర్రాయి ముందు కూర్చుని, మొదటి దోసెడు రాయిలో పోసే ముందు ఆగి, నన్ను పిలిచేది. "దా సువార్తా, సెయ్యి పెట్టు" అనేది. నేను లేచి, కళ్ళు నులుముకుంటూ పోయి, చేటలోంచి ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న డబ్బాలో వేయాలి. నేను వేసేదాకా అవ్వ రాయి పిడి మీద చెయ్యి పెట్టి, తల వంచుకుని, కదలకుండా కూర్చునేది. ప్రార్థన చేసుకుంటుందనుకునేదాన్ని. వేశాక మళ్ళీ రాయి తిరిగేది. పగలూ అంతే, సాయంత్రం జొన్నసంకటిలా వండుకునే గటకకు పోసేటప్పుడూ అంతే.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. నా పిడికిలి ఎంత? అవ్వ పిడికిట్లో సగం కూడా ఉండదు. అంటే దేవుని వాటా సగానికి తగ్గించడానికి ముసలిది నా చేయి వాడుకుంటోంది. పేరుకు పిడికెడు వేసినట్టూ ఉంటుంది, ఇంట్లో గింజలు మిగిలినట్టూ ఉంటుంది. ఎంత తెలివి అనుకున్నాను. పైగా కళ్ళు కనపడవనే వంక ఉండనే ఉంది. కొన్నాళ్ళు కడుపులో దాచుకుని, ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. నా చెయ్యి చిన్నది గనకనే గదా నాతో వేయిస్తున్నవ్ అని.

ఆ రోజు పొద్దున పటేలు ఇంటికి మజ్జిగకు పోయి వచ్చాం. పటేలమ్మ ఎప్పటిలాగే అరుగు మీద నిలబడి, చెంబును తగలకుండా అంత ఎత్తు నుంచి ధారగా పోసింది. సగం చెంబులో, సగం నా చేతుల మీద. మా చేతుల్లోది ఏదీ ఆమె అందుకునేది కాదు. ఏదైనా ఇవ్వాలంటే అరుగు అంచున పెట్టి వెనక్కి జరగాలి. ఆమె దాని మీద నీళ్ళు చల్లి తీసుకునేది. అవ్వ నా ప్రశ్నకు కోపగించుకోలేదు. నా చెయ్యి పట్టుకుని, ఇంకా మజ్జిగ వాసన వస్తున్న వేళ్ళను ఒక్కొక్కటే తడిమింది.

"పటేలమ్మ ఈ సేతిది ముడుతదా?"

ముట్టదన్నాను.

"దేవుడు దీసుకుంటడు. దినాం మూడుసార్ల దీసుకుంటడు. ఇగ ఇద్దరిట్ల ఎవరు పెద్దోళ్ళో నువ్వే జూసుకో."

మాట బాగానే ఉంది. కానీ నాబోటిదానికి మాటతో పని కాదు. దేవుడు ఎక్కడ తీసుకుంటున్నాడు, డబ్బా తీసుకుంటోంది. డబ్బాలోది పాస్టరయ్య తీసుకుంటున్నాడు. మధ్యలో దేవుడు నా చెయ్యి చూస్తున్నాడని రుజువేంది? అమ్మానాయినలకే కనపడని పిల్ల ఆయనకు కనపడుతుందా? ఆ ఆలోచన పట్టుకుంది నన్ను, వదల్లేదు. ఒక పొద్దున అవ్వ పిలిచినప్పుడు చేటలో చెయ్యి పెట్టాను, పిడికిలి బిగించాను, చప్పుడు కాకుండా గింజల్ని మళ్ళీ చేటలోకే జార్చేశాను. ఉత్త పిడికిలి తీసుకుపోయి డబ్బా మీద విప్పి, మూత పెట్టి వచ్చాను. ఏమీ కాలేదు. అవ్వ ఒక క్షణం అలాగే కూర్చుని రాయి తిప్పడం మొదలుపెట్టింది. పిడుగు పడలేదు, కడుపునొప్పి రాలేదు. ఆయన చూడటం లేదన్నమాట. మర్నాడూ అలాగే చేశాను. ఆ పైన రోజూ, మూడు పూటలా. అలా నెల గడిచింది. నాకు సంతోషం కలిగిందంటారా? లేదు. నెల గడిచేకొద్దీ లోపల ఇంకా ఇంకా ఖాళీ అయింది. నన్నెవరూ చూడటం లేదని రుజువు చేసుకుంటూ పోయాను, ఆ రుజువు రోజుకు మూడుసార్లు దొరికింది.

మొదటి ఆదివారం వచ్చింది. చర్చి ముందు గంప పెట్టారు. అవ్వ ఇంటింటి డబ్బాలూ తెచ్చి వరసగా పెట్టి, చివర మా డబ్బా పెట్టింది. అంత తేలికైన డబ్బా మోసుకొస్తున్నప్పుడు ఆమెకు తెలియకుండా ఉంటుందా అని దారంతా నేను ఆమె మొహమే చూస్తూ వచ్చాను. ఆ మొహంలో ఏమీ దొరకలేదు. సంఘ పెద్ద దేవదానం ఒక్కొక్కటే గంపలో గుమ్మరిస్తూ మా డబ్బా దగ్గరికి వచ్చి తలకిందులు చేశాడు. నేను మాయ మొదలుపెట్టక ముందు వేసిన ఒకటి రెండు పిడికిళ్ళు రాలాయి. మళ్ళీ డబ్బా అడుగు తట్టి చూశాడు. ఆడవాళ్ళు మెడలు చాపి డబ్బాలోకి చూశారు. పది ఇళ్ళ గింజలు మోసుకొచ్చే మనిషి ఇంటి డబ్బాలో గింజల్లేవు. ఇక ఆ పది ఇళ్ళ గింజల సంగతేంటని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేదు, మొహాలే అడిగాయి. నేను తేలు కుట్టిన దొంగలా అవ్వ కొంగు వెనక నిలబడ్డాను. నేనే అని చెబితే ఏమయ్యేదో ఇప్పటికీ తెలియదు.

అవ్వ ఒక్కటే మాట అంది. "నా ఇంట్ల తక్కువైంది. నాదే తప్పు." ఎలుకలు తిన్నాయని అనలేదు. కళ్ళు కనపడవని అనలేదు. నా వైపు తిరిగి కూడా చూడలేదు. దేవదానం మంచివాడే, కానీ పెద్దరికం పెద్దరికమే. వచ్చే నెల నుంచి డబ్బాలు ఇంకొకరు తెస్తారని మెల్లగా చెప్పాడు. అవ్వ సరేనంది. గంప కింద పరిచిన గోనెపట్టా దులిపి, మడిచి, ఇకపై ఆ పని చేయబోయే ఆమె చేతికిచ్చింది.

ఇంటికి వచ్చాక దెబ్బలు పడతాయని మూలన ముడుచుకున్నాను. పడలేదు. అన్నం పెట్టదనుకున్నాను. పెట్టింది. అమ్మానాయినలు రాగానే చెబుతుందేమో, అందుకే ఊరుకుందేమో అనుకున్నాను. మర్నాడు తెల్లవారకముందు ఇసుర్రాయి దగ్గర కూర్చున్న అలికిడైంది. మేలుకుని పడుకుని విన్నాను. ఈ రోజు నన్ను పిలవదు, తానే వేసుకుంటుంది, ఇక నా చేతి అవసరం తీరిపోయింది అనుకున్నాను. ఆ ఆలోచనకు ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను. అప్పటిదాకా నేను తేలిగ్గా చూసిన పని అది.

"దా సువార్తా, సెయ్యి పెట్టు."

ఎప్పటి గొంతే. ఒక పిసరు ఎక్కువ లేదు, తక్కువ లేదు. నేను లేచి పోయి రెండు పిడికిళ్ళు వేశాను. రెండోది వేసి మూత పెడుతుండగా వెనక నుంచి అంది, "ఒక్కటే సాలు బిడ్డా. ఆయన రెండు అడుగలే." మళ్ళీ అనుమానం నాకు. కనపడదు గదా, రెండని ఎట్లా తెలిసింది? ఆ నెలంతా శిక్ష ఎప్పుడు వస్తుందా అని కాచుకుని కూర్చున్నాను. అది రాలేదు. కాచుకుని కాచుకుని అలసిపోయి, ఒకనాటికి మరిచిపోయాను.

శిక్ష కోసమే కాదు, ఇంకొకటి కూడా కాచుకుని చూశాను. హోదా పోయాక అవ్వ నడక ఎట్లా మారుతుందా అని. ఒంటరిగా ఉన్నప్పుడు ఏడుస్తుందేమోనని తడక సందులోంచి చూశాను. పొగాకు నములుతూ కూర్చుంది. చర్చిలో వెనక వరసలోకి జరుగుతుందేమోనని చూశాను. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఊళ్ళోకి కూడా మాట పాకింది. పటేలమ్మ మజ్జిగ పోస్తూ, మీ దేవుని గింజలే తిన్నవంట గదనే బాలమ్మా అని నవ్వింది. నేను నేలలోకి దిగిపోవాలనుకున్నాను. అవ్వ చెంబు దించి, ఆ అరుగు వైపు మసక కళ్ళెత్తింది.

"తిన్ననో లేదో ఆయనకెర్క పటేలమ్మా. ఆయనకెర్కైనంక నాకేం రంది?"

ఎదురు తిరిగినట్టు అనలేదు. ఏ దిగులూ లేకుండా, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా అంది. ఆ మాట అన్న మనిషి విలువ పటేలమ్మ చేతిలో లేదు, దేవదానం చేతిలోనూ లేదు. వాళ్ళు ఇచ్చింది కాదు గనక వాళ్ళు తీసుకోలేరు. ఎక్కడో దొంగకు అందని చోట పెట్టుకుంది. నాకు అది కావాలనిపించింది. నాకు దేవుడి మీద గురి కుదిరింది ప్రసంగాల్లో కాదు, ఆ అరుగు కింద.

ఆ తర్వాత ఆ మాటతోనే బతికాను. నాగర్‌కర్నూల్ హాస్టల్లో చదివినప్పుడూ, కొత్తగా చీర కట్టుకుని పెద్దమందడి బడిలో టీచరుగా చేరినప్పుడూ ఆ మాట అవసరం పడింది. స్టాఫ్ రూంలో అందరి గ్లాసులూ ఒకచోట, నా గ్లాసు కిటికీ మీద. ఎవరూ ఏమీ అనలేదు. నాబోటి అనుమానపు మనిషి కనిపెట్టడానికి వారం పట్టింది. ఆ మాట లేకుంటే ఆ రోజు ఏడ్చి ఉండేదాన్నే. నా గ్లాసు కడిగి, తీసుకొచ్చి వాళ్ళ గ్లాసుల మధ్యలో పెట్టి, పాఠం చెప్పడానికి పోయాను. ఆయనకెర్కైనంక నాకేం రంది? ఇప్పుడు చర్చిలో పిడికెడు బియ్యం లేదు. ఫోను ఎత్తి గోడ మీది బొమ్మకు చూపిస్తే కానుక పోతుంది, చెయ్యి గుప్పెట పట్టే పని లేదు. పెద్ద పెద్ద ఫ్లెక్సీల మీద స్వస్థత సభలంటారు, నేను ఆ పాస్టర్ల చేతి గడియారాలు చూసి ఇంటికొస్తాను. అనుమానం నన్ను వదల్లేదు. దేవుడి మీద మాత్రం లేదు.

లేదంటున్నాను గానీ ఒకటి ఉండిపోయింది. నేను హాస్టల్లో ఉండగానే అవ్వ పోయింది. నేనే చేశానని ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. తెలిసి నన్ను మళ్ళీ పిలిచిందా, ఎలుకలనో తన మతిమరుపనో అనుకుని పిలిచిందా? తెలియక పిలిచి ఉంటే అది నమ్మకం కాదు, అమాయకత్వం. నేను జీవితమంతా ఆనుకున్న గోడ ఉత్త నీడ అవుతుంది. మొన్న అన్నతో ఈ మాట కదిపాను. అతను వినకుండా వేరే మాట చెప్పాడు. చిన్నప్పుడు నన్ను చూస్తే అతనికి కడుపుమంటగా ఉండేదట. "నన్నేమో తట్ట మోయ తీస్కపోయిండ్రు, నిన్నేమో సదువుకొమ్మని ఇడిసిండ్రు. నువ్వంటేనే పానం వాళ్ళకు" అన్నాడు. యాభై ఏళ్ళు దాటాక వింటున్నాను ఈ మాట. అప్పుడు నేను తప్పుగా తేల్చుకున్న సంగతుల్లో ఇదొకటి.

మూడో రోజు డబ్బా ముట్టుకున్నాను. మేకుల తుప్పు పోయేదాకా బూడిద లేక పీచుతో తోమి, ఎండలో పెట్టి, వంటింట్లోకి తెచ్చాను. బుట్టలోంచి ఒక పిడికెడు బియ్యం తీసి, ఎందుకో తెలియదు, ఎత్తు నుంచి అందులో వేశాను. ఖాళీ రేకు మీద గింజలు పడి ఇల్లంతా గలగలమంది. ముందుగదిలో టీవీ చూస్తున్న కరుణ అక్కడి నుంచే అడిగింది, "ఏం ఒలికినయ్ అత్తమ్మా?"

టీవీ పెట్టుకుని, గోడ అవతల ఉన్న పిల్లకు వినిపించింది. మాది ఒక్క గది ఇల్లు. కళ్ళు లేని మనిషి, అడుగు చప్పుడుకే మనుషుల్ని పోల్చే మనిషి, రాయి ఆపి, తల వంచి, కదలకుండా కూర్చునేది నాకు రెండడుగుల దూరంలో. ప్రార్థన అనుకున్నాను. కాదు, చెవి పెట్టి కూర్చునేది. మొదటి రోజే తెలుసు ఆమెకు. రోజుకు మూడుసార్లు, నెలంతా తెలుసు. రాత్రికి రాత్రి పెద్ద కుండలోంచి నాలుగు దోసెళ్ళు తీసి డబ్బా నింపుకుని ఉంటే పరువు దక్కేది. నింపలేదు. దేవుని దగ్గర ఏమీ దాచలేదు, మనుషుల దగ్గర నన్ను దాచింది.

నేను ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వంటింటి గట్టు పక్కనే కూర్చుండిపోయాను. కరుణ వచ్చి, నేను ఏడుస్తున్నానని చూసి, బియ్యం ఒలికితే ఏమైంది అత్తమ్మా అంది. ఒలకలేదని చెప్పాను. ఆ నెలంతా రేకు మీద రావలసిన ఆ చప్పుడు రాలేదు, వచ్చేదాకా ఆ ముసలామె నన్ను పిలుస్తూనే ఉంది. "దా సువార్తా, సెయ్యి పెట్టు" అని.